తీవ్ర విభాగంలో ప్రతిఘటన

మా జిల్లా ఆసుపత్రిలో సూక్ష్మజీవశాస్త్ర విభాగానికి నేనే అధిపతిని, నేనే సిబ్బందిని. గది ఒకటి, మైక్రోస్కోపు ఒకటి, ఫ్రిజ్ ఒకటి. ఆ ఫ్రిజ్‌లో పై అర క్రిములకీ కింది అర నా మజ్జిగకీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మజ్జిగ నేను బల్ల కిందే పెట్టుకుంటాను.

పదకొండేళ్లుగా నేను పైవాళ్లకి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. ఐసీయూలో రోగుల ఒంట్లో చేరే క్రిములు మందులకి లొంగడం మానేస్తున్నాయి, చీపురుకి అలవాటుపడ్డ పిల్లిలా తయారయ్యాయి, ఏ క్రిమి ఏ మందుకి లొంగడం లేదో నెలనెలా కనిపెట్టి చూసుకోకపోతే కొంప మునుగుతుంది, అని. ఏటేటా జవాబు కూడా వచ్చేది. ఉత్తరం అందిందని. అంతవరకే.

అలాంటిది పోయిన శ్రావణంలో సూపరింటెండెంటు చిదంబరరావు గారు నన్ను పిలిచి, మీ గోల పైవాళ్ల చెవిన పడిందమ్మా అంటూ ఒక సర్క్యులరు చేతిలో పెట్టారు. సర్కారు కాగితం చూసి సంతోషపడడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆ సంతోషం మొదటి వాక్యం దాకా ఉంది.

"విషయము: తీవ్ర చికిత్సా విభాగములలో ప్రతిఘటనపై నిఘా – పటిష్టపరచుట – గురించి."

జరిగిందేమిటంటే, అసలు కాగితం ఇంగ్లీషులో పుట్టింది. పాలనంతా తెలుగులోనే సాగాలని ఆ నెలలోనే గట్టి ఉత్తర్వు వచ్చింది. మంచిదే, నేనూ తెలుగుదాన్నే. అయితే ఇంగ్లీషులో రెసిస్టెన్స్ అన్న మాటకి ముందు ఇంకో పొడుగాటి మాట ఉంది. ఈ గొడవంతా క్రిములదీ మందులదీ అని చెప్పేది అదొక్కటే. దానికి కోశంలో తెలుగు దొరక్క అనువాదకుడు చుక్కలు పెట్టాడట. టైపు చేసినాయన ఆ చుక్కల్ని అచ్చుతప్పనుకుని తీసేశాడట. మిగిలినవి తీవ్రం, ప్రతిఘటన, నిఘా. ఈ మూడు మాటలూ ఒకే కాగితం మీద కనబడితే ఆ కాగితం ఏ శాఖకి పోతుందో చెప్పడానికి జ్యోతిషం రానక్కర్లేదు.

సోమవారం పొద్దున్నే ఐసీయూ తలుపు దగ్గర ఒక హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పేరు తవిటయ్య. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, మంచి ఓపిక. ఒళ్లో రూళ్ల రిజిస్టరు. దాంట్లో గళ్లు కొట్టి ఉన్నాయి: ప్రతిఘటించిన వారి పేరు, తండ్రి లేక భర్త పేరు, ప్రతిఘటించిన విధానము, తీసుకున్న చర్య.

"ఎవుల్ని రాయాల డాక్టరమ్మా?" అని అడిగాడు.

క్రిముల్ని అన్నాను. ఆయన రిజిస్టరు కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి, క్రిములకి తండ్రి పేరు గడిలో ఏం నింపమంటారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

ఆ మధ్యాహ్నమే కలెక్టరాఫీసులో జిల్లా ప్రతిఘటన నిర్మూలన కమిటీ తొలి సమావేశం. అధ్యక్షులు ప్రత్యేకాధికారి త్రిలోచనరావు గారు. ఆయన నోట మాటకి ముందు 'తద్వారా' వస్తుంది, వెనక 'తగు చర్యలు' వస్తాయి, మధ్యలో ఏం వచ్చినా సర్దుకుంటుంది. నేను లేచి, బొమ్మలు చూపిస్తూ ఇరవై నిమిషాలు చెప్పాను. ప్రతిఘటించేది రోగి కాదు, రోగి ఒంట్లో క్రిమి. ప్రతిఘటిస్తున్నది ప్రభుత్వాన్ని కాదు, మందుని. ఆయన ఎంతో ఓర్పుగా విన్నారు.

"మీ శాఖాపరమైన ఆవేదన అర్థమైంది మేడమ్. అయితే ప్రతిఘటించేది క్రిమి అయినా మనిషి అయినా ప్రభుత్వ దృష్టిలో ప్రతిఘటన ప్రతిఘటనే. చిన్నవారు, పెద్దవారు అనే వివక్ష మేము పాటించము" అన్నారు.

పోనీ ఆ మాటనైనా మార్చండి అన్నాను. మాట మార్చే అధికారం పదకోశ సవరణ ఉపసంఘానిది, అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది, అధ్యక్షుడు రిటైరయ్యాక ఇంకా కూర్చోలేదన్నారు. పోనీ ఐసీయూలో చేతులు కడుక్కునే కుళాయి బాగు చేయించండి, ఏడాదిగా చుక్క నీరు రావడం లేదు, క్రిములు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మా చేతుల మీదనే ఊరేగుతున్నాయి అన్నాను. కుళాయి ఈ కమిటీ పరిధిలోకి రాదన్నారు. సాయంత్రానికి మినిట్సు వచ్చాయి. "సూక్ష్మజీవశాస్త్ర అధికారిణి రెండుమార్లు ప్రతిఘటించిరి" అని రాసుంది. ఆ విధంగా జిల్లాలో నమోదైన మొదటి ప్రతిఘటన నాదే అయింది.

ఇక రోగుల సంగతి. మా ఐసీయూలో పది మంచాలు. ఏడుగురికి ఎప్పుడూ నోట్లో గొట్టం ఉంటుంది, శ్వాస యంత్రం మీద ఉంటారు. నోట్లో గొట్టం ఉన్నవాడు ఏం ప్రతిఘటిస్తాడు? మొదటి వారం మొత్తానికి దొరికింది తొమ్మిదో మంచం మీది రిటైర్డు డ్రాయింగు మాస్టారొక్కరే. ఉప్మాలో ఉప్పు లేదన్నారు, ఎడమ చేతికి సూది వద్దన్నారు. ఒకే పూట రెండు ప్రతిఘటనలు. ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉండాలని ఐసీయూ డాక్టరు మస్తాన్ మొత్తుకుంటున్నా వినకుండా మాస్టారిని మధ్యాహ్నానికల్లా వార్డులోకి తోసేశారు. అదృష్టం బాగుండి మాస్టారు బతికిపోయారు.

తర్వాతి వారం నుంచి సున్నాలే. సున్నా, సున్నా, సున్నా. రాష్ట్రంలో మాది మొదటి స్థానం. ఆసుపత్రి గేటుకి "ప్రతిఘటన రహిత ఐసీయూ" అని ఫ్లెక్సీ కట్టారు. అందులో చిదంబరరావు గారు మంచం మీది రోగికి నమస్కారం పెడుతున్నారు, రోగికి తెలివి లేదు. పక్క జిల్లా సూపరింటెండెంటు ఫోన్ చేసి రహస్యం ఏమిటని అడిగితే, మా రోగులు చాలా సంస్కారవంతులండీ అని ఈయన జవాబు. నేను ఆ ఫ్లెక్సీ కింద నుంచే రోజూ నా గదికి పోయి, గాజు పళ్లాల్లో క్రిములు ఒక్కొక్క మందునీ ఎలా ఊది పారేస్తున్నాయో చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఆ రిపోర్టుల్ని వేసే గడి రిజిస్టరులో లేదు.

అప్పుడు నాలుగో మంచం మీదికి అప్పలనర్సమ్మ వచ్చింది.

ఆవిడ ఊళ్లో ఎండుచేపలమ్ముతుంది. పేగుకి చిల్లు పడితే ఆపరేషను చేశారు. ఆపరేషను బాగానే అయింది కానీ తర్వాత జ్వరం పట్టుకుంది, ఊపిరి అందలేదు, గొట్టం వేశారు. ఆవిడ నోరు ఊరందరికీ తెలుసు. ఒకసారి సంతలో బందోబస్తు చేస్తున్న తవిటయ్యనే తూకం దగ్గర అడ్డం నిలబడ్డావంటూ పదిమందిలో కడిగిపారేసిందట. అలాంటి మనిషి ఆరు రోజులుగా ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. ఆవిడ ఎదురుగా రిజిస్టరులో ఆరు సున్నాలు. మొగుడు పైడయ్య, గోనెల మిల్లులో పనిచేసి మానుకున్నవాడు, వరండాలో గోడకి ఆనుకుని కూర్చునే ఉంటున్నాడు.

ఆరో రోజు పొద్దున ఆవిడ రక్తంలోంచి నా పళ్లెంలోకి వచ్చిన క్రిమి పేరు క్లెబ్సియెల్లా. మేం వాడే మందులు ఐదు వేసి చూశాను. పెద్ద మందు అనుకునే మెరోపెనెంతో సహా ఐదింటినీ అది లెక్కచేయలేదు. ఇక మిగిలింది కొలిస్టిన్ ఒక్కటే. అలాంటి ఆఖరి మందుల్ని రిజర్వు మందులంటారు. ఎడాపెడా వాడితే క్రిములు వాటికీ అలవాటు పడిపోతాయి కాబట్టి, కమిటీ అనుమతి లేకుండా వాడకూడదని నియమం. చక్కటి నియమం. అది పెట్టమని పదకొండేళ్లు రాసినదాన్ని నేనే. కాకపోతే ఇప్పుడు జిల్లాలో ఉన్న కమిటీ ఒక్కటే, దాని అధ్యక్షులు త్రిలోచనరావు గారు.

డాక్టరు మస్తాన్ నా గదికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బీపీ జారిపోతోంది మేడమ్. సాయంత్రంలోగా ఆ మందు పడాలి. రేపటికి మందు ఉన్నా మనిషి ఉండదు" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు రాసి పంపించాను. నాలుగో మంచం, క్లెబ్సియెల్లా, మెరోపెనెంను ప్రతిఘటించుచున్నది, కొలిస్టిన్ వాడుటకు అనుమతి కోరడమైనది. కమిటీ అరగంటలో కూర్చుంది. అంత వేగం ప్రభుత్వంలో ఉందని నాకు అంతవరకు తెలియదు. పాపం, నెలలుగా సున్నాలు చూసి చూసి ఉన్నారు, ఒక్క అసలు సిసలు ప్రతిఘటన దొరికేసరికి అందరి ముఖాల్లోకీ కళ వచ్చింది.

క్లెబ్సియెల్లా ఎవరు, ఏ ఊరు అని త్రిలోచనరావు గారు ఆరా తీశారు. ఇక్కడే ఉంటుందండీ, ఆసుపత్రిలోనే, ఏళ్లుగా ఉంటోంది అన్నాను. ఏ అనుమతి మీద అని అడిగారు. ఎస్సై గారు పేరు వింటే లోకల్ మనిషిలా లేదు, లాడ్జీలు తనిఖీ చేయిస్తానన్నారు. అది మనిషి కాదండీ, క్రిమి, నా పళ్లెంలో ఇప్పటికే కాలనీలు కట్టేసింది చూడండి, అని ఫోటో ముందుపెట్టాను. క్రిములు గుంపుగా పెరిగితే కాలనీ అనడం మా వాడుక. ఆ మాట వినగానే అంతవరకు కునుకుతున్న ఆర్డీవో గారు నిటారుగా కూర్చున్నారు.

"ఏ సర్వే నంబరులో?" అన్నారు.

చివరికి తీర్మానం ఇలా తేలింది. రిజర్వు అనగా రిజర్వు బలగమే గనుక, దాన్ని కదిలించడానికి ఎస్పీ గారి సమ్మతి తప్పనిసరి. దానికి ముందు సహజ న్యాయసూత్రాల ప్రకారం సదరు క్లెబ్సియెల్లాకి సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. గడువు ఏడు రోజులు.

నేను ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. నోటీసు నాకంటే ముందే చేరింది. నాలుగో మంచం ఇనపకమ్మీకి అతికించి ఉంది. వరండాలో పైడయ్య లేచి నిలబడ్డాడు. అతనికి చదువు రాదు. మంచానికి కొత్తగా కాగితం అంటించారంటే ఏదో పెద్ద వైద్యం మొదలైందనుకున్నాడు.

"ఆ కాయితంలో ఏటుంది డాక్టరమ్మా? మందు రాసినారా?"

తల అడ్డంగా ఊపాను. అతనే మళ్లీ అన్నాడు. "ముప్పై రెండేళ్లయినాది మా పెళ్లయి. తిట్టకుండా ఒక్కనాడు బువ్వెట్టనేదు నాకు. ఆరు దినాల్నుంచి సెవులు రెండూ ఇల్లు కాళీ సేసినట్టున్నాయి. ఒక్క తిట్టు తిట్టించండమ్మా, సాలు."

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్లు చదివి, పదకొండేళ్లు ఉత్తరాలు రాసి, మందు పేరు తెలిసి, మందు ఊళ్లోనే గోదాములో ఉందని తెలిసి, ఒక ఆడమనిషికి దాన్ని ఎక్కించలేకపోతున్నాను. గోడకేసి తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటుంటే తవిటయ్య కుర్చీలోంచి మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చాడు.

"డాక్టరమ్మా, తవరు నిజం రాసినారు. అందుకే కాయితం నిలిచిపోనాది" అన్నాడు మెల్లగా. "మా కాడ నిజం రాస్తే ఇచారణేస్తారు. బయం రాస్తే జీపొస్తాది. కలం తియ్యండి, నాను సెప్తాను."

ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆయన భాషని నేను కొంచెం గ్రాంథికం చేశాను, అంతే.

"సదరు క్లెబ్సియెల్లా మిక్కిలి కరుడుగట్టినది. లొంగిపోవుటకు ఐదు పర్యాయములు అవకాశమిచ్చినను తిరస్కరించినది. ప్రస్తుతము నాలుగవ మంచమును స్థావరముగా చేసుకుని, రక్తనాళముల మార్గమున సంచరించుచున్నది. సాయంత్రం ఐదు గంటలలోగా నిలువరించని పక్షమున పక్క మంచములకును, తద్వారా జిల్లా కేంద్రమునకును విస్తరించు ప్రమాదము కలదు. కావున రిజర్వు నుండి కొలిస్టిన్‌ను తక్షణమే రంగములోకి దించి తగు చర్యలు తీసుకొనవలెనని ప్రార్థన."

రాసింది మళ్లీ చదువుకున్నాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏ వైద్య కళాశాలలో చూపించినా తప్పు పట్టలేరు.

నలభై నిమిషాల్లో ఆసుపత్రి ఆవరణలోకి సైరన్ మోగించుకుంటూ జీపొచ్చింది. వెనక సీట్లో ఇద్దరు తుపాకీ కానిస్టేబుళ్ల మధ్య ఒక చిన్న అట్టపెట్టె. డాక్టరు మస్తాన్ సంతకం పెట్టి పెట్టె తీసుకుని లోపలికి పరిగెత్తాడు. అయిదు కొట్టకముందే కొలిస్టిన్ అప్పలనర్సమ్మ రక్తంలో పడింది. తుపాకీలవాళ్లు ఆపరేషను ఎంతసేపు పడుతుందని అడిగారు. ఐదు రోజులన్నాను. భోజనాల సంగతి కనుక్కోవడానికి వెళ్లారు.

మూడో రోజు జ్వరం దిగింది. ఐదో రోజు పొద్దున గొట్టం తీశారు.

గొట్టం తీసిన పావుగంటకి అప్పలనర్సమ్మ కళ్లు తెరిచి, మంచం పక్కన నిలబడ్డ పైడయ్యని ఆపాదమస్తకం చూసింది. గొంతు బొంగురుపోయింది. అయినా గది చివరిదాకా వినబడింది.

"గెడ్డం గీసుకోనేదేటి? నాను సచ్చిపోనాననుకున్నావేటి, ఎదవసచ్చినోడా?"

పైడయ్య మంచం కమ్మీ పట్టుకుని గట్టిగా ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. నర్సులు నవ్వారు. నేనూ ఏం తక్కువ తినలేదు. అంతటితో ఆవిడ ఆగలేదు. సూది తెచ్చిన నర్సు చెయ్యి తోసేసింది. గంజి కుడితిలా ఉందంది. ఆడోళ్లు పడుకున్న చోట తలుపు తీసుకుని కూర్చోడానికి సిగ్గులేదా అని తవిటయ్యని నిలదీసింది.

తవిటయ్య కలం పట్టుకుని నా కేసి చూశాడు. "రాయాలా డాక్టరమ్మా?"

రాయమన్నాను. ఉన్నదంతా రాయమన్నాను. ఆయన సంతోషంగా ఒకటిన్నర పేజీ నింపాడు. తిట్లు మాత్రం మర్యాదకి చుక్కలు పెట్టాడు.

ఆ వారం రాష్ట్ర జాబితాలో మేం మొదటి స్థానం నుంచి పదకొండో స్థానానికి పడ్డాం. ఫ్లెక్సీ దింపేశారు. చిదంబరరావు గారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నాకు మెమో వచ్చింది. "నాలుగవ మంచము రోగి పదునొకండు దినములు ఎట్టి ప్రతిఘటన లేకుండ సంపూర్ణముగా సహకరించియుండగా, ఆకస్మికముగా ప్రతిఘటించు స్థితికి ఎట్లు వచ్చెను, అందుకు దారితీసిన కారణమేమి, బాధ్యులెవరు, వెంటనే తెలుపవలెను."

కారణం కొలిస్టిన్, బాధ్యురాలిని నేను, అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగంలో నేను ఇంత గర్వంగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు. అప్పలనర్సమ్మ మర్నాడే వార్డుకి, వారానికి ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నా గదిలోకి తొంగిచూసి, ఇంత ఇరుకుగదిలో కూచోబెట్టి నీకు జీతమెవులిస్తన్నారమ్మా అని జాలిపడింది.

నా జవాబు మీద కమిటీ కూలంకషంగా చర్చించింది. పది రోజులకి ఉత్తర్వు వచ్చింది.

"కొలిస్టిన్ వాడిన ఐదు దినములలోనే ప్రతిఘటన తలెత్తినట్లు సంబంధిత అధికారిణి లిఖితపూర్వకముగా అంగీకరించినందున, సదరు మందు వాడకము ప్రతిఘటనకు దారితీయునని నిర్ధారించి, జిల్లాలోని తీవ్ర చికిత్సా విభాగములన్నిటిలో దానిని నిలిపివేయడమైనది. గోదాములోని నిల్వలు తిప్పి పంపడమైనది."

రెండుసార్లు చదివాను. మందు వాడకం ప్రతిఘటనకి దారితీస్తుంది. మా పాఠ్యపుస్తకంలో మొదటి వాక్యం అదే. పదకొండేళ్లు నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఉన్నది అదే. ప్రభుత్వం ఆఖరికి నాతో ఏకీభవించింది.

ఉత్తర్వు అందినట్టు సంతకం పెట్టి, ఆ పూట తేలిన రిపోర్టు పట్టుకుని ఐసీయూకి వెళ్లాను. నాలుగో మంచం మీద ఇప్పుడొక లారీ డ్రైవరు ఉన్నాడు. వచ్చి మూడు రోజులైంది, నోట్లో గొట్టం. నా చేతిలో ఉన్నది అతని రక్తం రిపోర్టే. క్రిమి అదే, లొంగని మందులూ అవే ఐదు. డాక్టరు మస్తాన్ నా చేతిలో కాగితం చూసి, చదవకుండానే మంచం వైపు తిరిగాడు.

తవిటయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"బాగా సహకరిస్తన్నాడు డాక్టరమ్మా" అన్నాడు. రిజిస్టరు తెరవలేదు.